లాడ్జి కెమెరాలు, ఆధార్ కాపీలు: క్లౌడ్ నుంచి సొంత బాక్సుకి మారడం ఎలా?

తిరుపతిలో చిన్న లాడ్జి నడుపుతున్నవాళ్లు, తిరుచానూరు వైపు ఇంట్లోనే రెండు మూడు గదులు హోమ్‌స్టేకి ఇస్తున్నవాళ్లు, తిలక్ రోడ్డులో షాపు పెట్టుకున్నవాళ్లు, ఇది మీ కోసం. వైఫై కెమెరాలు కొన్నారు. ఫోన్లో యాప్ వేసుకున్నారు. ఏటా సబ్‌స్క్రిప్షన్ కడుతున్నారు. రిసెప్షన్లో ఎవరు నిలబడ్డారో మేడ మీద కూర్చుని చూస్తున్నారు. అయితే చాలా యాప్‌లలో ఆ వీడియో కింది నుంచి పైకి నేరుగా రాదు. కెమెరా నుంచి రౌటర్‌కి, అక్కడి నుంచి వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉన్న కంపెనీ సర్వర్‌కి (క్లౌడ్ అంటే అదే) పోయి, మళ్లీ మీ ఫోన్‌కి వస్తుంది. మేడ మీదున్న మనిషిని పిలవడానికి రేణిగుంట దాకా పోయి ఫోన్ చేసినట్టు.

ఎడ్జ్ కంప్యూటింగ్‌లో ఈ తిరుగుడు ఉండదు. వీడియో ఎక్కడ పుడుతుందో అక్కడే, అంటే మీ బిల్డింగ్‌లోనే, ఓ చిన్న కంప్యూటర్ దాన్ని చూసి ఇది మనిషి, ఇది కుక్క, ఇది గాలికి ఊగే కొమ్మ అని తేల్చేస్తుంది. బయటికి చెప్పాల్సింది ఉంటే "వెనక గేటు దగ్గర మనిషి ఉన్నాడు" అని ఓ మెసేజ్ మాత్రం పోతుంది. వీడియో కదలదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంటికి తెచ్చుకున్నంత మాత్రాన ప్రైవసీ వచ్చి కూర్చోదు. పాస్‌వర్డ్ మార్చకుండా, కౌంటర్ కింద తాళం లేని సొరుగులో పెట్టిన రికార్డర్ కంటే క్లౌడే నయం. అక్కడ కాపలాకి కనీసం నలుగురు ఇంజనీర్లుంటారు, ఇక్కడ ఉండేది మీరొక్కరే. అందుకని కింద చెప్పే పనులన్నిటి వెనకా ఒకటే లెక్క ఉంది: అవసరం లేనిది దాచొద్దు, దాచినదాన్ని గడప దాటనివ్వొద్దు.

ముందు నెట్ పీకేసి చూడండి

కొత్త సామాను కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రౌటర్‌కి బయటి నుంచి వచ్చే ఫైబర్ వైరు తీసేయండి. రౌటర్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి, వైఫై నడుస్తూ ఉండాలి. ఫోన్లో మొబైల్ డేటా ఆపి, అదే వైఫైలో ఉండి కెమెరా యాప్ తెరవండి. పది నిమిషాల పాటు ఎవరినైనా కెమెరా ముందు అటూ ఇటూ తిరగమనండి. తర్వాత వైరు పెట్టి, ఆ పది నిమిషాల రికార్డింగ్ ఉందో లేదో చూడండి.

లైవ్ కనబడి, రికార్డింగ్ కూడా ఉంటే మీ కెమెరా మెమరీ కార్డు మీద సొంతంగా బతకగలదు, సగం పని అయిపోయినట్టే. యాప్ "డివైస్ ఆఫ్‌లైన్" అని ఊరుకుంటే ఆ కెమెరాకి సొంత బుర్ర లేదు, అంతా బయటే. గరుడ సేవ రోజో వైకుంఠ ఏకాదశి నాడో ఊరు కిటకిటలాడుతూ ఫోన్లో నెట్ కదలనప్పుడు, వానకి ఎక్కడో ఫైబర్ తెగినప్పుడు మీకు కనబడేది కూడా ఆ "ఆఫ్‌లైన్" బొమ్మే. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌కి చెందిన అమెరికా వర్జీనియా కేంద్రంలో సమస్య వస్తే రింగ్ డోర్‌బెల్ కెమెరాలు మొరాయించాయి. తలుపు దగ్గర కెమెరా ఉంది, ఇంట్లో కరెంటు ఉంది, మధ్యలో ఉన్నవాడు లేడు.

డబ్బా మీద "లోకల్ స్టోరేజ్" అని రాసి ఉంటే సరిపోదా అంటే, సరిపోదు. యూఫీ కెమెరాలను అంతా మీ ఇంట్లోనే ఉంటుందని చెప్పి అమ్మారు. నోటిఫికేషన్ కోసం తీసే చిన్న ఫొటోలు క్లౌడ్‌కి పోతున్నాయని 2022 నవంబర్‌లో ఓ పరిశోధకుడు బయటపెట్టాడు, ఆ తర్వాత కంపెనీ కూడా ఒప్పుకుంది. క్లౌడ్ కెమెరాలతో ఇంకో రకం తంటా 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే కంపెనీకి వచ్చింది. సర్వర్లు ఆగి మళ్లీ లేచేసరికి దాదాపు 13,000 మందికి వేరేవాళ్ల ఇళ్ల కెమెరా ఫొటోలు కనబడ్డాయి. మీ లాడ్జి మెట్ల మీద చంటిబిడ్డతో నిలబడ్డ తల్లి ఫొటో ఇంకెవరి ఫోన్లోనో తేలితే ఏం చెబుతారు?

నెట్ పరీక్షతో పాటు రౌటర్ సెట్టింగ్స్‌లో "కనెక్టెడ్ డివైసెస్" పేజీ తెరిచి, అక్కడున్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కెమెరాలు, టీవీలు, వేలిముద్ర అటెండెన్స్ మిషను, ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిపోయిన వైఫై ప్లగ్గు, అన్నీ. గుర్తుపట్టలేని పేరు ఒక్కటైనా కనబడుతుంది. అది ఏ గదిలో ఉందో వెతికి పట్టుకోండి.

ఏది తెచ్చుకోవాలి, ఏది అక్కడే వదలాలి

అన్నీ ఇంటికి మోసుకురానక్కర్లేదు. రూమ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్, యూపీఐ, జీఎస్టీ లెక్కలు క్లౌడ్‌లోనే ఉండనివ్వండి. ఊళ్లో లేనప్పుడు కూడా చూసుకోవాల్సినవి అవి, వాటిని మనం సొంతంగా నడపడం అనవసరపు టెన్షన్. ఇంటికి రావాల్సినవి రెండే: కెమెరా వీడియో, గెస్టుల గుర్తింపు కార్డులు. ఇవి మీవి కావు, గెస్టులవి. ఒక రాత్రి పడుకుని తెల్లారి కొండెక్కి పోయే మనిషి ముఖం, ఆధార్ నంబరు ఏళ్ల తరబడి ఎక్కడో సర్వర్లో ఉండిపోవడానికి కారణమేమీ లేదు.

కోక్సియల్ వైర్లతో పాత డీవీఆర్ నడుపుతున్నవాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. నిజమే, మీరు మొదటి నుంచీ ఎడ్జ్‌లోనే ఉన్నారు. మీరు చేయాల్సింది పాస్‌వర్డు, నెట్‌వర్కు సంగతులే, కింద ఆ భాగం దగ్గరికి వెళ్లిపోండి.

కెమెరాలు: ఉన్నవి పనికొస్తాయా?

కెమెరా సెట్టింగ్స్‌లో ఆర్‌టీఎస్‌పీ, లేదా ఓఎన్‌వీఐఎఫ్ అనే మాట ఉందో లేదో చూడండి. ఉంటే ఏ కంపెనీ రికార్డరుకైనా ఆ కెమెరా వీడియో ఇవ్వగలదు. లేకపోతే అది ఆ కంపెనీ యాప్‌కే కట్టుబానిస. దాన్ని మీ ఇంటి వరండాకి మార్చి లాడ్జికి వేరేది కొనండి.

కొత్తవి కొంటే వైఫైవి వద్దు, వైరువి తీసుకోండి. పీఓఈ స్విచ్ ఒకటి పెడితే ఒకే క్యాట్6 కేబుల్‌లో కరెంటూ వీడియో రెండూ పోతాయి, ప్రతి కెమెరా దగ్గరా ప్లగ్గు బోర్డు అక్కర్లేదు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకి ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి అయ్యింది, ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ అంటారు. షాపులో ఆ మాట అడగండి. "అవన్నీ ఎవరూ చూడరు సార్, పాత స్టాకులో తక్కువకి ఇప్పిస్తా" అంటే ఆ బేరం వదిలేయండి.

ఎక్కడ పెట్టాలన్నది ఎంత రిజల్యూషన్ అన్నదానికన్నా పెద్ద విషయం. రిసెప్షన్, మెట్లు, పార్కింగ్, వెనక గేటు చాలు. వరండాలో పెట్టాల్సి వస్తే తలుపు తెరిచినప్పుడు గది లోపల కనబడకుండా తిప్పండి. అలా తిప్పడం కుదరకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఆ తలుపుల మీద నల్ల మాస్కు వేయొచ్చు, కెమెరాలోనే వేస్తే ఆ భాగం అసలు రికార్డే కాదు. మైక్ ఆపేయండి. కెమెరాలో మైక్ ఉందన్న సంగతే చాలామంది ఓనర్లకి తెలియదు. కౌంటర్ దగ్గర గెస్టు తన ఫోన్ నంబరు, ఇంటి సంగతులు చెప్పుకునేదంతా అందులో పడుతుంది.

బాక్సు: రెండు దారులు

మీ దగ్గర కంప్యూటర్ సంగతి చూసే మనిషి లేకపోతే మామూలు ఎన్వీఆర్, అంటే ఐపీ కెమెరాల వీడియో రికార్డు చేసే రెడీమేడ్ పెట్టె, కొనండి. ఇప్పుడొచ్చే వాటిలో మనిషిని, వాహనాన్ని గుర్తుపట్టే పని లోపలే జరిగిపోతుంది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: క్లౌడ్ అకౌంట్ తెరవకుండా ఇది పూర్తిగా పని చేస్తుందా? ఇన్‌స్టాలర్ వచ్చినప్పుడు అలవాటుగా తన ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి, క్యూఆర్ కొట్టి, మీ ఫోన్లో చూపించి వెళ్లిపోతాడు. అప్పుడు మీ కెమెరాలకి అసలు ఓనరు అతనే. పక్కనే నిలబడి ఆ పని ఆపండి.

ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లో పిల్లాడో ఉంటే రెండో దారి బాగుంటుంది. కెమెరాల వీడియో రికార్డు చేస్తూ అందులో మనుషుల్ని గుర్తుపట్టే ఫ్రిగేట్ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీ, 8 జీబీ లేదా 16 జీబీ ర్యామ్ ఉంటే నాలుగారు కెమెరాలకి చాలు. పెట్టె అరచేతిలో పట్టేంత. మొత్తం 15 వాట్లు తాగుతుందనుకున్నా నెలకి దాదాపు 11 యూనిట్లే.

ఫ్రిగేట్ పని చేసే తీరు తెలిస్తే ఇంత చిన్న పెట్టె ఎలా సరిపోతుందో అర్థమవుతుంది. ఐపీ కెమెరా ఒకేసారి రెండు వీడియోలు ఇస్తుంది: స్పష్టంగా ఉండే మెయిన్ స్ట్రీమ్, చిన్న సైజులో ఉండే సబ్‌స్ట్రీమ్. రికార్డింగ్‌కి మెయిన్ వాడాలి, గుర్తుపట్టే పనికి సబ్‌స్ట్రీమ్ సెకనుకి ఐదు ఫ్రేములు ఇస్తే చాలు. అందులోనూ ముందు ఏదైనా కదిలిందా అని చూస్తుంది, కదిలిన చోటు మాత్రమే కత్తిరించి అది మనిషా కాదా అని బొమ్మల్ని గుర్తుపట్టే ఏఐ మోడల్‌ని అడుగుతుంది. రాత్రి రెండింటికి ఖాళీ మెట్లను చూస్తూ మోడల్ అలసిపోదు. ఆ పనికి ఎన్100లో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్సే సరిపోతుంది. పాత యూట్యూబ్ వీడియోల్లో చెప్పే గూగుల్ కోరల్ అనే ఏఐ చిప్ కోసం వెతుక్కోవద్దు. రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఇప్పటికే ఉంటే దానికి హైలో అనే ఏఐ చిప్ తగిలించి కూడా చేయొచ్చు, కానీ కొత్తగా కొనేవాళ్లకి మినీ పీసీ సుఖం.

హార్డ్ డిస్క్ లెక్క మీరే వేసుకోండి, షాపువాడికి వదలొద్దు. ఒక కెమెరా సెకనుకి 2 మెగాబిట్లు పంపితే రోజుకి 21.6 జీబీ. ఆరు కెమెరాలకి దాదాపు 130 జీబీ. పదిహేను రోజులకి 1,944 జీబీ, అంటే 2 టీబీ డిస్క్ నోటి దాకా నిండిపోతుంది, 4 టీబీ తీసుకోండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేయడానికి చేసిన సర్వైలెన్స్ డిస్క్ అని అడగండి, మామూలు డిస్క్ ఈ రాపిడికి తట్టుకోదు. ఇవే ఆరు కెమెరాల వీడియో ఆపకుండా క్లౌడ్‌కి పంపితే నెలకి 3,888 జీబీ అప్‌లోడ్ అవుతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ "అన్‌లిమిటెడ్" ప్లాన్లు చాలావాటిలో 3,300 జీబీ దాటితే స్పీడు తగ్గించేస్తారు. నెలాఖరులో గెస్టులు వైఫై రావట్లేదని కౌంటర్ మీద పడితే, నెట్ తినేసింది పై గది కుర్రాళ్లు కాదు, మీ కెమెరాలే అయ్యుండొచ్చు.

ఎన్ని రోజులు దాచాలి? డిస్కులో ఎంత పడితే అంత అని వదిలేయడం మనకి అలవాటు. నా మట్టుకు పదిహేను రోజులు, గొడవలెక్కువ ఉండే పెద్ద లాడ్జికి ముప్పై. పోలీసులో లైసెన్సు ఇచ్చే ఆఫీసో మీకు ఇన్ని రోజులని చెప్పి ఉంటే ఆ లెక్కే పెట్టండి. ఏదో ఒక అంకె వేసి, ఆ తర్వాత దానంతట అదే చెరిగిపోయేలా సెట్ చేయాలి.

ఫ్రిగేట్ కొత్త వెర్షన్లలో ముఖాలు గుర్తుపట్టే సౌకర్యం కూడా వచ్చింది. ఆ బటన్ జోలికి పోవద్దు. టీటీడీ 2023 మార్చి 1 నుంచి దర్శనం, గదుల దగ్గర ముఖ గుర్తింపు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది కదా, మనమూ పెడదాం అనేవాళ్లు ఉన్నారు. రోజుకి అరవై డెబ్బై వేల మంది వచ్చే చోట దళారుల్ని ఆపడానికి వాళ్లకొక అవసరం ఉంది. పన్నెండు గదుల లాడ్జిలో ఎవరొచ్చారో చూడటానికి కౌంటర్లో మనిషి ఉన్నాడు.

నెట్‌వర్క్: ఇక్కడే అందరూ జారేది

2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలని, రికార్డర్లని పట్టేసుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లని కొన్ని గంటలు పడగొట్టింది. అది చేసిన గొప్ప హ్యాకింగ్ ఏమీ లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డుల చిట్టా ఒకటి పట్టుకుని ఒక్కో తలుపూ తట్టింది. కాబట్టి ప్రతి కెమెరాకీ, రికార్డరుకీ పాస్‌వర్డ్ మార్చడం మొదటి పని. లాడ్జి పేరు పక్కన 123 పెట్టడం మార్చినట్టు కాదు.

రెండో పని, గెస్టుల వైఫై వేరు, కెమెరాల లైను వేరు చేయడం. గెస్ట్ నెట్‌వర్క్ అనే ఆప్షన్ చాలా రౌటర్లలో ఉంటుంది, గెస్టులకి అదే ఇవ్వండి. గది నంబరు 104లో దిగిన కుర్రాడి ల్యాప్‌టాప్ నుంచి మీ రికార్డరు కనబడకూడదు.

మూడో పని, కెమెరాలకి ఇంటర్నెట్ బంద్ చేయడం. రౌటర్‌లో పేరెంటల్ కంట్రోల్ అనో యాక్సెస్ కంట్రోల్ అనో ఉంటుంది, అక్కడ ఒక్కో కెమెరాని బ్లాక్ చేయండి. కెమెరా బాక్సుతో మాట్లాడితే చాలు, బయటి లోకంతో దానికి పని లేదు. ఇక్కడ ఒక చిక్కుంది. నెట్ ఆగితే కెమెరా గడియారం మెల్లగా తప్పిపోతుంది, ఎందుకంటే సరైన టైమ్ అది నెట్ నుంచే తెచ్చుకుంటుంది. కొన్ని నెలలకి వీడియో మీద పడే టైమ్‌కీ అసలు టైమ్‌కీ నిమిషాల తేడా వస్తుంది. బైక్ పోయిందని పోలీసులు వచ్చి 9:40 ఫుటేజ్ అడిగినప్పుడు ఆ తేడా పెద్ద తలనొప్పి. అందుకని మినీ పీసీనే టైమ్ సర్వర్‌గా చేసి, కెమెరా సెట్టింగ్స్‌లో ఎన్‌టీపీ అడ్రస్ దగ్గర దాని ఐపీ ఇవ్వండి. ఎన్వీఆర్‌లు చాలావరకు ఈ పని తామే చేస్తాయి, అయినా ఒకసారి ఫోన్ గడియారంతో పోల్చి చూడండి.

నాలుగోది, బయటి ఊరి నుంచి చూడటం. పెళ్లికి మదనపల్లె పోయినప్పుడు లాడ్జి చూసుకోవాలంటే ఇన్‌స్టాలర్లు పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి ఇస్తారు. అది రికార్డరు తలుపుని ప్రపంచం మొత్తానికీ తీసి పెట్టడం, వద్దని చెప్పండి. దాని బదులు వైర్‌గార్డ్ గానీ, ఇంకా తేలిగ్గా కావాలంటే టెయిల్‌స్కేల్ గానీ వేసుకోండి. మినీ పీసీలో ఒకటి, మీ ఫోన్లో ఒకటి. రెండింటి మధ్య తాళం వేసిన దారి పడుతుంది, మీ ఫోన్‌కి తప్ప ఎవరికీ ఆ దారి కనబడదు. మన లోకల్ ఫైబర్ వాళ్లు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) ఇవ్వకపోయినా టెయిల్‌స్కేల్ పని చేస్తుంది. వైర్‌గార్డ్‌కి మాత్రం ఆ ఐపీ ఉండాలి.

ఫోన్‌కి అలర్ట్ కావాలంటే ఫ్రిగేట్‌ని హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలపండి. రాత్రి పదకొండు దాటాక వెనక గేటు దగ్గర మనిషి కనబడితే ఒక లైను మెసేజ్ వచ్చేలా పెట్టుకోవచ్చు. ఫొటో జత చేయకండి, మెసేజ్ చూశాక వీడియో కావాలంటే మీ దారిలోనే వెళ్లి చూస్తారు.

ఎక్కడ పెట్టాలి

సెల్లార్లో వద్దు. 2021 నవంబర్ వానలకి తిరుపతిలో నీళ్లు ఎక్కడెక్కడి దాకా వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. కౌంటర్ కింద కూడా వద్దు, దొంగ ముందు ఎత్తుకుపోయేది దాన్నే. పై అంతస్తులో తాళం ఉన్న గది, గాలి ఆడే చోటు చూడండి. మే నెల ఎండలో మూసిన ఇనుప బీరువాలో పెడితే డిస్క్ మాడిపోతుంది. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, దాని మీద బాక్సుతో పాటు పీఓఈ స్విచ్ కూడా వేయండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు బాక్సు బతికి కెమెరాలు చస్తాయి. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచితే ఎవడైనా ఎత్తుకుపోయినా లోపలిది చదవలేడు.

ఆధార్ ఫొటోలు: కెమెరా కంటే పెద్ద లీకు

కౌంటర్ దగ్గర రోజూ వినబడేదే ఇది.

"స్వామీ, ఆధార్ ఒరిజినల్ లేకపోతే ఈ నంబరుకి వాట్సాప్‌లో పెట్టేయండి."

"మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది పంపొచ్చా అన్నా?"

"అందులో నాలుగంకెలే కనబడతాయి స్వామీ. ఫుల్‌ది పెట్టండి, లేకుంటే మా ఓనర్ ఒప్పుకోడు."

ఆ ఫొటో ఎక్కడికి పోయిందో చూద్దాం. నంబరు కౌంటర్ కుర్రాడి సొంత ఫోన్‌ది. వాట్సాప్ దాన్ని గ్యాలరీలో సేవ్ చేసింది. ఆ ఫోన్లో గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌కి వాట్సాప్ ఫోల్డర్ కూడా టిక్ పెట్టి ఉంటే, ఆ రాత్రికే ఆధార్ అతని జీమెయిల్ అకౌంట్‌లోకి చేరింది. ఆరు నెలల తర్వాత అతను ఉద్యోగం మానేస్తాడు, ఫోన్ మారుస్తాడు. మీ లాడ్జిలో దిగిన వేల మంది కార్డులు అతనితోనే ఉంటాయి. అతను చెడ్డవాడు కానక్కర్లేదు, ఆ సంగతి అతనికే గుర్తుండదు. మీరు కెమెరాలకి ఎంత ఖర్చు పెట్టినా ఈ రంధ్రం అలాగే ఉంటుంది.

మార్చడం ఇలా. కౌంటర్‌కి లాడ్జి సొంత ఫోన్ ఒకటి పెట్టండి. అందులో వాట్సాప్ మీడియా గ్యాలరీలోకి వచ్చే ఆప్షన్, ఫొటోల క్లౌడ్ బ్యాకప్ రెండూ ఆపండి. గెస్టు కార్డు చూపిస్తే పేరు, ఊరు, చివరి నాలుగంకెలు, వచ్చిన టైమ్ రిజిస్టర్లో రాసుకోండి. మాస్క్‌డ్ ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు కనబడవు, దాన్ని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్ నుంచే దించుకుంటారు కాబట్టి అది దొంగ కార్డేమీ కాదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు ఇస్తామంటే తీసుకోండి, ఆధారే కావాలని పట్టుబట్టొద్దు. కార్డు అసలుదా నకిలీదా అన్న అనుమానముంటే దాని మీదున్న క్యూఆర్ కోడ్‌ని యూఐడీఏఐ స్కానర్ యాప్‌తో చదవండి. పేరు, ఫొటో డిజిటల్ సంతకంతో ఆ కోడ్‌లోనే ఉంటాయి, సరిచూడటం మీ ఫోన్లోనే జరిగిపోతుంది, నంబరు ఏ సర్వర్‌కీ పంపక్కర్లేదు. ఎడ్జ్ కంప్యూటింగ్‌కి మన జేబులో ఉన్న ఉదాహరణ ఇదే. జిరాక్స్ కాగితం కంటే నమ్మకమైనది కూడా, ఎందుకంటే ఫొటోషాప్‌లో పేరు మార్చినవాడు సంతకాన్ని మార్చలేడు.

మీ పోలీస్ స్టేషన్ వాళ్లు కాపీ ఉండి తీరాలన్నారనుకోండి, వాళ్లు చెప్పినట్టే కాపీ తీయండి, కానీ మాస్క్‌డ్‌ది తీయండి. దాన్ని మినీ పీసీలో పాస్‌వర్డ్ ఉన్న ఒక ఫోల్డర్‌లోనే ఉంచి, గడువు తర్వాత చెరిపేయండి. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఇమిగ్రేషన్ పోర్టల్‌లో వివరాలు పంపాలి, అందులో బేరం లేదు.

చివరగా పాతవి. కౌంటర్లో పనిచేసే అందరి ఫోన్లూ ఒక రోజు కూర్చోబెట్టి, వాట్సాప్ చాట్లు, గ్యాలరీ, ట్రాష్, గూగుల్ ఫొటోస్ నాలుగూ ఖాళీ చేయించండి. వాళ్ల ఫోన్ మీరు లాక్కుని చూడొద్దు, వాళ్ల చేతే చేయించండి. వాళ్లకీ ప్రైవసీ ఉంది.

చట్టం సంగతి, ఒక బోర్డు

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. వ్యాపారాల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రత సరిగ్గా పెట్టక సమాచారం లీకైతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. చిన్న లాడ్జికి అంత వేస్తారని కాదు, కానీ లీకైతే ప్రభుత్వ డేటా రక్షణ బోర్డుకీ, ఎవరి సమాచారం పోయిందో వాళ్లకీ చెప్పి తీరాలి. మూడు వేల మంది గెస్టులకి "మీ ఆధార్ మా దగ్గర్నుంచి పోయింది" అని మెసేజ్ పెట్టే పరిస్థితి ఊహించుకోండి. దాచనిది లీకవదు. కాగితం రిజిస్టరు ఈ చట్టం కిందికి రాదు, దాన్ని స్కాన్ చేసిన రోజు నుంచి వస్తుంది.

కౌంటర్ దగ్గర ఓ బోర్డు పెట్టండి. ఈ మాటలు వాడుకోవచ్చు:

"ఇక్కడ రిసెప్షన్, మెట్లు, పార్కింగ్, వెనక గేటు దగ్గర మాత్రమే సీసీ కెమెరాలు ఉన్నాయి. శబ్దం రికార్డు చేయము. ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడము. రికార్డింగ్ ఈ భవనంలోనే 15 రోజులు ఉండి చెరిగిపోతుంది. మీ వివరాల గురించి అడగాలంటే మేనేజర్‌ని కలవండి."

తమిళం, హిందీ, కన్నడంలో కూడా రాయించండి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగు చదవలేనివాళ్లు చాలామంది. బోర్డు మీద రాసినదే బాక్సులో సెట్ చేసి ఉండాలి, పదిహేను అని రాసి నలభై రోజులు దాచకూడదు.

పోలీసులు ఫుటేజ్ అడిగితే కాగితం మీద అడగమనండి, అడిగిన గంట మాత్రమే కాపీ చేసి ఇవ్వండి, ఎవరికి ఎప్పుడు ఇచ్చారో రాసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇలాంటి ఫైలుకి సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఆ ఫైల్ హాష్ విలువ (ఫైలుని మార్చితే మారిపోయే గుర్తింపు కోడ్) కూడా రాయాలి. క్లౌడ్ అయితే దీనికి కంపెనీ చుట్టూ తిరగాలి. బాక్సు మీదైతే అందులో మొదటి భాగం సంతకం మీదే, రెండో భాగంలో నిపుణుడి సంతకం ఉండాలి. గెస్టు ఎవరైనా వచ్చి "మా బావమరిది ఎవరితో వచ్చాడో చూపించండి" అంటే మాత్రం చూపించొద్దు, ఎంత బతిమాలినా సరే.

మారే వారం

పాత క్లౌడ్ ప్లాన్ ఒక్కసారిగా ఆపొద్దు. రెండూ పక్కపక్కన ఓ వారం నడపండి. రోజూ ఏదో ఒక సమయం ఎంచుకుని బాక్సులో వెనక్కి వెళ్లి ప్లే చేసి చూడండి. రాత్రి వీడియోలో మనిషి ముఖం తెలుస్తోందా, బండి నంబరు చదవగలుగుతున్నారా, వీధి కుక్కలకి అలర్టులు మోగుతున్నాయా చూసుకోండి. బాక్సుని ఒకసారి కావాలనే ఆఫ్ చేసి ఆన్ చేయండి, దానంతట అది లేచి రికార్డింగ్ మొదలుపెట్టాలి.

అన్నీ కుదిరాక క్లౌడ్‌లోకి వెళ్లి, దాచుకోవాల్సిన క్లిప్పులేమైనా ఉంటే దించుకోండి. ఆ తర్వాత వీడియోలు చెరిపి, కెమెరాలని అకౌంట్ నుంచి తీసేసి, చివర్లో అకౌంటే డిలీట్ చేయండి. డబ్బు కట్టడం ఆపేస్తే అకౌంట్ పోయినట్టు కాదు. ఇన్‌స్టాలర్ పేరు మీదున్న అకౌంట్ అయితే అతన్ని పిలిపించి మీ ఎదురుగా చేయించండి.

నెలకోసారి డిస్క్ ఆరోగ్యం, టైమ్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చూసుకోండి. ఎవరైనా పని మానేసిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. మన ఊళ్లో లాడ్జిలు లీజు మీద చేతులు మారుతూ ఉంటాయి కాబట్టి అగ్రిమెంట్‌లో ఈ డిస్కుల సంగతి కూడా ఒక లైను రాయించండి: లీజు అయిపోయిన రోజు పాత రికార్డింగులు, గెస్టుల ఫైళ్లు పూర్తిగా తుడిచి, కెమెరాలు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మెమరీ కార్డులు తీసేశాకే తాళాలు ఇవ్వాలి.